లేని యంత్రములు, ఉన్న లెక్కలు



కదిరినుండి మదనపల్లె పోవు త్రోవలో తనకల్లు, కొక్కంటి క్రాసు మొదలగు ఊళ్ల మీదుగా ప్రయాణము చేయువారికి ఇరుప్రక్కల వేరుసెనగ చేలును, టమోటా మళ్లును, నీరు పడక విడిచిపెట్టిన బోర్ల కేసింగు పైపులును కనబడునే కాని, సర్వరు అను వస్తువు ఎక్కడను కంటబడదు. అయినను ఆ మాట వినబడని దినము ఈ ప్రాంతమున అరుదు. చౌకధరల దుకాణము వద్ద వ్రేలిముద్ర పడకపోయినను, సచివాలయమునందు ఆదాయ ధ్రువపత్రము చేతికి రాకపోయినను, "ఏందప్పా, ఇంగా కాలేదా?" యని అడిగినవానికి "సర్వరు రాలేదన్నా, రేప్పొద్దున రా" యను సమాధానమే వచ్చును. అడిగినవాడును మాఱు పలుకక, వాన రాలేదన్నంత సహజముగా ఆ మాటను స్వీకరించి, బస్సు వేళ చూచుకొని ఊరికి తిరిగిపోవును.

ఆ సర్వర్లను రాత్రింబవళ్లు కనిపెట్టుకొని యుండువారిలో ఈ పల్లెల పిల్లలును ఉన్నారు. డిగ్రీయో ఇంజనీరింగో ముగించి, బెంగుళూరు బస్సెక్కి, నైట్ షిఫ్టు ఉద్యోగములలో కుదురుకొన్న యువకులు పండుగకు ఇంటికి వచ్చినను ల్యాప్‌టాపును విడువక, నడిరాత్రి ఫోను మ్రోగగానే దిగ్గున లేచి కూర్చుండుట ఎందఱో తల్లిదండ్రులు చూచియే యుందురు. అట్టి ఫోనులలో మిక్కిలి తఱచుగా వచ్చు వార్త యొకటి కలదు: ఫలానా సర్వరులో మెమరీ 95 శాతము నిండినది, అని. ఆ వార్త నిజమో కాదో, నిజమైనచో ఎవరి దృష్టిలో నిజమో తేల్చుకొనుట యెట్లన్నదే నేటి ప్రసంగ విషయము.

సర్వరు అనగా చల్లని గదిలో దీపములు మిణుకుమిణుకుమను నొక యినుప పెట్టె యని మనము ఊహించుకొందుము. అట్టి పెట్టెలు లేకపోలేదు గాని, నేడు పెద్ద కార్యాలయములకు సేవచేయు సర్వర్లలో చాలభాగము వేఱువేఱు పెట్టెలు కావు. బలమైన యంత్రమొక్కదానిపై హైపర్‌వైజర్ అను సాఫ్ట్‌వేర్ కూర్చుండి, దాని ప్రాసెసరును, మెమరీని, డిస్కును పంచి, పదియో యిరువదియో యంత్రములున్నట్లు భ్రాంతి కల్పించును; ఆ భ్రాంతియంత్రములలో నడచు విండోసో లినక్సో, ఈ యంత్రమంతయు నాదే యని నమ్ముచుండును. వీనినే వర్చువల్ యంత్రములనియు, వాడుకలో వీఎంలనియు అందురు. వేదాంతము విన్న శ్రోతలకు ఇది పరిచితమైన విషయముగనే తోచవచ్చును. కాని ఇక్కడి మాయకు నెలనెలా కరెంటు బిల్లు వచ్చును.

ఈ యూహ నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లండులో మాంచెస్టరు విశ్వవిద్యాలయమువారి అట్లాస్ కంప్యూటరు 1962 నాటికే, ఉన్నదానికంటె అధికమైన మెమరీ ఉన్నట్లు ప్రోగ్రాములను నమ్మింపగలిగినది. అమెరికాలో ఐబీఎం సంస్థ ఆ నమ్మకమును యంత్రమంతటికిని విస్తరింపజేసి, 1972లో వీఎం/370 అను వ్యవస్థను ప్రకటించినది. 1998లో కాలిఫోర్నియాలో నెలకొన్న వీఎంవేర్ సంస్థ దానిని సామాన్యములైన ఇంటెల్ యంత్రములపైకి దింపినది. 2007లో లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌లోనే కేవీఎం అను హైపర్‌వైజర్ చేరుటతో ఈ విద్య లినక్స్ వాడు ఎల్లవారికిని దానితోపాటే ఉచితముగా దక్కినది. ఇన్ని దశాబ్దములుగా నిలకడ పొందిన విద్యలో మెమరీ లెక్క యొక్కటి మాత్రము నేటికిని తగవులమారిగనే యున్నదన్నచో, దానికి కారణము సాఫ్ట్‌వేర్ వ్రాసినవారి అజాగ్రత్త కాదు. ఆ యేర్పాటులోనే ఒక చూపు చూడగలదానిని మఱియొక చూపు చూడజాలదు.

మెమరీని యంత్రము పేజీలుగా విభజించుకొనును. సాధారణముగా ఒక్కొక్క పేజీ 4 కిలోబైట్లు. అనగా 16 గిగాబైట్ల యంత్రమునకు సుమారు 42 లక్షల పేజీలు. ఏ పేజీలో ఏమున్నది, ఏది ఖాళీ, ఏది ప్రాణావసరము, ఏది నిన్న చదివిన ఫైలునకు ఎందుకైనను మంచిదని ఉంచుకొన్న నకలు అను సంగతులు లోపలి ఆపరేటింగ్ సిస్టమునకు తెలియును. వెలుపల నున్న హైపర్‌వైజరునకు ఇవి తెలియవు. ఈ వీఎం ఫలానా పేజీని ఎన్నడో ఒకప్పుడు తాకినది, కావున అసలు మెమరీనుండి ఒక పేజీని దానికి ఇచ్చితిని, అన్నంతవఱకే దాని యెఱుక. తరువాత లోపలి సిస్టము ఆ పేజీని విడిచి తన ఖాళీల జాబితాలో చేర్చుకొన్నను ఆ వార్త దానంతట అది వెలుపలికి రాదు. విండోస్ అయితే మేల్కొనునప్పుడే తన పేజీలను సున్నలతో నింపుకొనును; నింపుట యనగా తాకుటయే గదా! అందువలన లోపల 3 గిగాబైట్లు కూడ వాడని యంత్రము, వెలుపలి లెక్కలో, అనేక సందర్భములలో 16కు 16ను మ్రింగి కూర్చున్నట్లు కనబడును. లోపలి తెరపై 20 శాతము, వెలుపలి తెరపై 100 శాతము. రెండును ఒకే నిమిషమున తీసిన లెక్కలు. రెండింటిలో ఒకటి తప్పై తీరవలెనని పట్టుబట్టి రాత్రియెల్ల వెదకిన యువకునికి తెల్లవాఱునప్పటికి ఎఱ్ఱని కన్నులే మిగులును. ఒకటి ఇప్పుడు వాడుకలో నున్నదెంత యని చెప్పుచున్నది, మఱియొకటి ఇంతవఱకు ఇచ్చినదెంత యని చెప్పుచున్నది.

లోపల తొంగి చూడలేని హైపర్‌వైజర్, నిజమైన వాడుకను ఎట్లు అంచనా వేయవలెను? వీఎంవేర్ ఇంజనీరు కార్ల్ వాల్డ్‌స్పర్గర్ 2002లో బోస్టనులో జరిగిన ఓఎస్‌డీఐ సదస్సునకు సమర్పించిన పత్రములో ఇందుకొక చక్కని యుపాయము వర్ణించెను. ప్రతి 30 సెకనుల వ్యవధిలో యాదృచ్ఛికముగా 100 పేజీలను ఎన్నుకొని, వానికి అసలు మెమరీతో గల సంబంధమును తాత్కాలికముగా త్రెంచి, ఆ వ్యవధిలో యంత్రము వానిలో ఎన్నింటిని తాకునో గమనించి, ఆ నిష్పత్తినే మొత్తము మెమరీకి వర్తింపజేయుట ఆ యుపాయము. వీఎంవేర్ తెరపై యాక్టివ్ మెమరీ యని కనబడు సంఖ్యకు మూలమిదియే. 42 లక్షల పేజీలలో నూఱింటిని చూచి తీర్పు చెప్పుట సాహసమని శ్రోతలు నవ్వవచ్చును. గణాంకశాస్త్రము మాత్రము నవ్వదు. నమూనా నిష్పక్షపాతముగా తీసినచో, మొత్తము నాలుగు లక్షలైనను నలువది లక్షలైనను, నూఱు పేజీల నమూనాకు సామాన్యముగా నూటికి పదిపాళ్ల అటూయిటూ తేడాయే వచ్చును. చిక్కు అక్కడ లేదు.

చిక్కు ఎక్కడనో మన అనంతపురపు రైతునకు చెప్పినంత సులభముగా నగరవాసులకు చెప్పలేము. సాలుసరి వర్షపాతము 550 మిల్లీమీటర్లకు అటూయిటూగా నుండు ఈ మెట్టసీమలో భూగర్భమున నీరెంత కలదో ఎవ్వరును కంటితో చూడలేరు. 2003 తరువాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, ఏపీఎఫ్ఏఎంజీఎస్ అను పేర, రైతులే భూగర్భజలమును నిర్వహించుకొను పథకమొకటి అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబునగరు, నల్లగొండ జిల్లాలలో నడచినది. ఊరిలోని బావులన్నింటిని గాక, కొన్ని పరిశీలక బావులనే ఎన్నుకొని, రైతులు స్వయముగా నీటిమట్టమును కొలిచి, వానను కొలిచి, అందఱికిని కనబడునట్లు బోర్డుపై వ్రాసి, ఆ లెక్కనుబట్టి రబీలో ఏ పంటకు నీరు చాలునో తర్కించుకొనిరి. చదువు పెద్దగా లేని రైతులు తమ నీటిని తామే కొలుచుకొనుట యనునది ఈ జిల్లా చరిత్రలో తగినంత పేరు పొందని ఘనకార్యమని నా యభిప్రాయము. ఆ రైతులకు చక్కగా దెలిసినదేమనగా, పరిశీలక బావి ఈ పూట నీరెక్కడ నిలిచియున్నదో చెప్పును గాని, కరెంటు వచ్చి ఊరి మోటార్లన్నియు ఒక్కసారి తిరుగునప్పుడు ఎంత కావలసివచ్చునో చెప్పదు.

యాక్టివ్ మెమరీ యను సంఖ్యయు సరిగా ఇట్టిదే. అది గడచిన కొలది వ్యవధిలో తాకిన పేజీల అంచనా. నెలాఖరున కావలసిన పేజీల జోస్యము కాదు. జీతముల పట్టికలు తయారుచేయు డేటాబేస్ యంత్రమొకటి 32 గిగాబైట్లతో నున్నదనుకొందము. ఇరువదియైదు దినములు అది నిద్రించుచున్నట్లే యుండును. యాక్టివ్ 3 గిగాబైట్లకు మించదు. మితవ్యయమున ఆసక్తి గల యధికారి యొకడు ఆ సంఖ్యను చూచి, దీనికి 8 చాలునని తగ్గించును. నెలాఖరు రాత్రి లెక్కలు మొదలుకాగానే యంత్రము మెమరీ చాలక పేజీలను డిస్కుపైకి మార్చుచు, అనగా స్వాపునకు దిగి, గంటలో ముగియవలసిన పని తెల్లవాఱినను ముగియదు. ఇట్టి పొదుపు పలు కార్యాలయములలో నేటికిని జరుగుచునే యున్నది.

వెలుపలి లెక్క యిట్లుండ, లోపలి లెక్కయైనను నిర్దోషమని నమ్మరాదు. ఖాళీగా నున్న మెమరీని వ్యర్థముగా పడియుండనీయక, చదివిన ఫైళ్ల నకళ్లతో నింపుకొనుట లినక్స్ స్వభావము; ఎవరికైన అవసరము కలుగగానే ఆ నకళ్లను విడిచి చోటిచ్చును. ఫ్రీ అను కమాండు కొట్టి చూచిన, 32 గిగాబైట్ల యంత్రమున నిజముగా ఖాళీ 600 మెగాబైట్లే యుండవచ్చును. కాని మఱియొక గడిలో, నకళ్లు 21 గిగాబైట్లనియు, చివరి గడిలో, అడిగినచో ఇవ్వగలది సుమారు 21 గిగాబైట్లనియు ఉండును. మొత్తములోనుండి ఖాళీని మాత్రమే తీసివేయు పాతకాలపు మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ దీనిని 98 శాతముగా ప్రకటించి కేక వేయును. చివరి గడిని గౌరవించునది 34 శాతమని ఊరకుండును. ఈ తగవు తీర్చుటకే 2014లో వెలువడిన 3.14వ కెర్నెల్‌లో మెమ్ అవైలబుల్ అను పద్దును చేర్చిరి. చేర్చి పదేండ్లు దాటినను ఆ పద్దును చదువని పరికరములు ఇంకను కలవు. జెడ్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టము వాడువారి పాట్లు వేఱు. దాని నకళ్లు క్యాష్ గడిలో చేరక, వాడిన గడిలోనే చేరిపోవుటచే, యంత్రమునకు ఏదో వ్యాధి సోకినదని క్రొత్తవారు హడలిపోవుదురు.

లోపలి సత్యమును వెలుపలికి చేరవేయుటకు దూత యొకడు కావలెను. కేవీఎంపై నడచు వీఎంలలో బెలూన్ డ్రైవరు ఆ పని చేయును. లినక్స్‌లో అది సాధారణముగా దానంతట అదియే యుండును. విండోస్‌లో విర్టియో డ్రైవర్ల కట్టనుండి డ్రైవరును, దాని సర్వీసును మనమే నెలకొల్పవలెను. నెలకొల్పనిచో ప్రాక్స్‌మాక్స్ వంటి నిర్వహణ సాఫ్ట్‌వేర్ తెరలపై ఆ విండోస్ యంత్రము ఎల్లప్పుడు నిండుగనే కనబడును. దూత యున్నను వార్త యెప్పటిదో చూడవలెను. ఎంత కాలమున కొకసారి లెక్క పంపవలెనో చెప్పనిచో, ఎప్పుడో పంపిన సంఖ్యయే క్రొత్తదానివలె తెరపై నిలిచియుండును. లెక్కతో పాటు లెక్క తీసిన వేళను గూడ అడిగి తెలిసికొను అలవాటు మన గ్రామకరణములకు ఉండెడిది. దానిని మన ఇంజనీర్లు కొంత మఱచిరి.

ఈ బెలూన్ సంగతి ఇంకొంత నిదానముగా చెప్పవలసియున్నది. ఏలయన మెమరీ చిక్కులలో మనుష్యులను మిక్కిలి తికమకపెట్టునది ఇదియే. హైపర్‌వైజర్ వద్ద 256 గిగాబైట్లుండగా, పదిమందికి తలా 32 చొప్పున 320 వాగ్దానము చేయుట కద్దు. అందఱును ఒక్కసారి అడుగరను ధైర్యమే దానికి ఆధారము. ఒకవేళ ఇఱుకు వచ్చినచో, హైపర్‌వైజర్ లోపలి బెలూన్ డ్రైవరుతో, నీవు ఉబ్బుము అని చెప్పును. ఆ డ్రైవరు తన ఆపరేటింగ్ సిస్టమును మెమరీ అడిగి పుచ్చుకొని, వాడక, ఆ పేజీల చిరునామాలను వెలుపలికి అందించును. హైపర్‌వైజర్ వానిని వెనుకకు తీసికొని వేఱొకరికిచ్చును. మార్గము చక్కనిదే. కాని లోపలినుండి చూచువానికి కనబడునదేమి? 16 గిగాబైట్ల విండోస్ యంత్రము. టాస్క్ మేనేజర్ 15 గిగాబైట్లు వాడుకలో నున్నట్లు చూపుచున్నది. ప్రాసెస్‌లనన్నింటిని కాగితముపై కూడినను 5 గిగాబైట్లు దాటుట లేదు. మిగిలిన 10 ఎవరు తినిరి? వైరస్ యని ఒకరు, ప్రోగ్రాములో లీకని మఱియొకరు, రీస్టార్ట్ చేయుదమని అందఱును. రీస్టార్ట్ చేయగా కొంతసేపు బాగుండి మరల మొదటికి వచ్చును.

అట్టి వేళ, సిస్‌ఇంటర్నల్స్ వారి ర్యామ్‌మ్యాప్ అను ఉచిత సాధనమును తెఱచి చూడవలెను. రంగురంగుల గీతలతో నున్న ఆ పట్టికలో డ్రైవర్ లాక్డ్ అను వరుస యొకటి కలదు. దాని కెదురుగా 10 గిగాబైట్లు కనబడినచో దొంగ దొరకినట్లే, అది బెలూన్. ఇక కారణమును లోపల వెదకుట మాని వెలుపల వెదకవలెను. వీఎంలను మోయు అసలు యంత్రము, అనగా హోస్టు, నిజముగా ఇఱుకున బడి యుండవచ్చును. అంతకంటె విచిత్రమైన కారణము మఱియొకటి కలదు, అది అరుదును గాదు: ఎన్నడో టెంప్లేటు తయారుచేసినవారు ఆ వీఎంకు 6 గిగాబైట్ల లిమిట్ అను హద్దు పెట్టి మఱచిపోయిరి, పిమ్మట మఱియొకరు మెమరీని 16కు పెంచిరి గాని హద్దును తాకలేదు, దానితో హోస్టులో మెమరీ పుష్కలముగా నున్నను, ఆ యంత్రమునుండి 10 గిగాబైట్లు సదా వెనుకకు లాగబడుచునే యుండును. హద్దును తొలగించిన కొలదిసేపటిలో బెలూన్ సడలిపోవును. విసుగు చెంది డ్రైవరునే తీసివేయుట మాత్రము కూడదు. దూత లేనిచో హైపర్‌వైజర్, ఏది అవసరమో ఏది కాదో తెలియకయే, తోచిన పేజీలను డిస్కుపై పాఱవేయును, అది మఱింత కీడు.

ప్రాసెస్‌లను కూడుటలో గల మోసమును గూర్చి ఒక్క మాట. పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేస్ నడచుచోట పలు ప్రాసెస్‌లు ఒకే షేర్డ్ మెమరీని పంచుకొనుచుండ, ఒక్కొక్క ప్రాసెస్ అధీనమందున్న మెమరీని చూపు ఆరెస్సెస్ అను గడిని వరుసగా కూడినవానికి యంత్రములో నున్నదానికంటె మొత్తమే ఎక్కువ వచ్చుట కద్దు. పంచుకొన్నదానిని పంచుకొన్నవారి సంఖ్యచే భాగించి చూపు పీఎస్ఎస్ అను కొలత లినక్స్‌లో 2008నుండి కలదు. దానిని వాడిన కూడిక సరిపడును.

వేఱు యంత్రమును కల్పింపక, హోస్టు కెర్నెల్‌నే పంచుకొనుచు ప్రోగ్రాములకు హద్దులు గీయు కంటెయినర్ల కాలము వచ్చిన పిదప తప్పు దిశ మాఱినది. వీఎంలో లోపలివానికి వెలుపలిది కనబడదు గదా. కంటెయినర్‌లో లోపలివానికి వెలుపలిది కనబడనవసరము లేకున్నను కనబడును. 2 గిగాబైట్ల పరిమితి గల కంటెయినర్‌లో కూర్చున్న ప్రోగ్రాము, మెమరీ లెక్కలు చూపు మెమ్‌ఇన్‌ఫోను చదివినచో హోస్టు యొక్క 64 గిగాబైట్లును తనవే యనుకొనును. జావా వంటిది, మొత్తములో నాలుగవ వంతు తీసికొనుట తన ఆచారము గనుక, 16 గిగాబైట్ల వఱకు పెరుగవచ్చునని నిశ్చయించుకొని పెరుగసాగి, 2 దాటగానే కెర్నెల్ చేత హతమగును. లాగ్ ఫైలులో ఏ దోషమును వ్రాసికొనుటకైనను దానికి వ్యవధి యుండదు. 2018లో వచ్చిన 10వ జావాయు, అదే యేడు సవరింపబడిన 8వ జావాయు కంటెయినర్ పరిమితిని చదువ నేర్చినవి. పాత జావాను కదలించుటకు భయపడు కార్యాలయములలో ఈ మృత్యువు ఇప్పటికిని సంభవించుచున్నది.

ఇన్ని తగవుల నడుమ అమెజాన్ క్లౌడువారి పద్ధతి నాకు నచ్చును. వారి క్లౌడ్‌వాచ్ తెరపై ప్రాసెసరు లెక్క కలదు, నెట్‌వర్కు లెక్క కలదు; మెమరీ లెక్క మాత్రము అడుగనిదే కానరాదు. వీఎం లోపల ఏజెంటును మనమే నెలకొల్పిననే ఆ సంఖ్య వచ్చును. ఇదేమి లోపమని విసుగుకొనువారు కలరు. తాను చూడలేనిదానిని గూర్చి ఊహించి చెప్పుటకంటె ఊరకుండుట మేలని నేననుకొందును.

ఇక మెమరీ చాలుచున్నదా లేదా యన్న అసలు ప్రశ్నకు, నిండిన శాతము కన్న తిన్నని సాక్ష్యము 2018 డిసెంబరులో 4.20వ లినక్స్ కెర్నెల్‌తో లభించినది. పీఎస్ఐ యని పిలువబడు ఈ కొలత, మెమరీ దొరకక పనులు ఎంతకాలము నిలిచిపోయినవో గడచిన 10 సెకనులకు, 60 సెకనులకు, 300 సెకనులకు వేఱువేఱుగా చెప్పును. శాతము 95 యనుచున్నను పీఎస్ఐ సున్న యొద్దనే యున్నచో, పనులేవియు మెమరీకై నిలిచియుండుట లేదు. నిండినది నకళ్లతోనో, పాత కేటాయింపుతోనో అయి యుండును. శాతము 60 అనుచు, ఈ కొలత పైకి లేచుచున్నచో, కంటెయినర్ పరిమితిని, వీఎం లిమిట్‌ను, బెలూన్‌ను వరుసగా చూడవలెను. లోపలి తెరను, వెలుపలి తెరను ఒకే నిమిషమున ఫొటో తీసి టికెట్టునకు జతచేయవలెను. ఆ రెండు చిత్రములు లేకుండ మెమరీ పెంచుమని వచ్చు విన్నపమును త్రిప్పిపంపుటకు పై యధికారికి హక్కు కలదు.